సురవరము ముద్రాక్షరము: దాని యందము, దాని వినియోగము

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవము సమీపించుసరికి పాఠశాలయందు అక్షరముల పని విశేషముగా పెరుగును. ఆహ్వానపత్రికలు, నాటకముల ప్రకటనలు, బహుమతులతో నిచ్చు ప్రశంసాపత్రములు, సంచికకు ముఖపత్రము, ఇవి యన్నియు ఏదో యొక తెలుగు టైపులో కూర్పబడవలసినవే. పూర్వము ఆ టైపును ఎన్నుకొను పని అచ్చుకూటమువారిది. వారియొద్ద నున్న రెండు మూడు విధములలో నొకదానితో తృప్తిపడవలసియుండెడిది. నేడు కంప్యూటరునందు పదులకొలది తెలుగు టైపులు విద్యార్థుల చేతిక్రిందనే యున్నవి. ఎన్నుకొను భారమును వారిమీదనే పడినది. అయితే ఎట్లు ఎన్నుకొనవలెనో నేర్పువారు అరుదు. ఏది మిక్కిలి వంపులు తిరిగి మెఱయుచుండునో అదియే శ్రేష్ఠమని పిల్లలు తలంచుచున్నారు. అక్షరమునకు అందము భూషణమే. కాని చదువబడుటయే దానికి ప్రాణము. ఈ రెంటికిని గల సంబంధమును, మన ప్రాంతపు పెద్ద యొకరి పేరు ధరించిన ముద్రాక్షరమును ఆధారముగా గొని, యథాశక్తి వివరించెదను.

ఒక భాషయొక్క అక్షరములన్నింటిని ఒకే పోలికతో, ఒకే కొలతతో తీర్చి, ముద్రణకు సిద్ధపఱచిన సముదాయమునకు టైపు అని పేరు. కంప్యూటరులో వాడు దానిని ఫాంటు అనియు, కొందఱు ఖతి యనియు అందురు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నెలకొన్న సిలికానాంధ్ర యను ప్రవాసాంధ్రుల సంస్థ 2013 ప్రాంతమున మొదలుకొని అనేకములైన తెలుగు ఖతులను ప్రజలకు ఉచితముగా నిచ్చినది. వానిలో పెక్కింటిని చిత్రించినవారు గుత్తుల పురుషోత్ కుమార్ గారు. వానికి బెట్టిన పేళ్లు గమనింపదగినవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ యని అష్టదిగ్గజములు ఎనమండుగురును అందు గలరు. వారి ప్రభువైన శ్రీకృష్ణదేవరాయలును గలడు. గిడుగు, గురజాడ యను పేళ్లతోను ఖతులున్నవి. ఆ వరుసలోనే సురవరము అను ఖతియు నొకటి. దీనిని ఎవరైనను వెల యీయక గ్రహించి, పుస్తకములకును ప్రకటనలకును వాడుకొనవచ్చును. మార్పులు చేసికొనుటకును అనుమతి గలదు.

సురవరము ప్రతాపరెడ్డి గారు (1896–1953) గద్వాల సీమలో జన్మించినవారు. అలంపురమునకు సమీపముననున్న ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. వారు 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. అది నిజాము ప్రభుత్వపు కాలము. ప్రభుత్వభాష ఉర్దూ, ఉన్నతవిద్యయు ఉర్దూలోనే. తెలుగువారు అధికసంఖ్యాకులైనను, తెలుగున అచ్చుపడు పత్రిక యొకటి వారి యింటికి వచ్చుట అపురూపము. అట్టి కాలమున తెలంగాణమునందు కవులే లేరని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగి కాలము వ్యర్థము చేయలేదు. 354 మంది తెలంగాణ కవుల పద్యములను సంపాదించి, 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేయించిరి. ఆ కవులును వారి పద్యములును అంతకు ముందును ఉండిరి. లేనిది అచ్చు మాత్రమే. అచ్చులో కనబడనివాడు లేనివానితో సమానముగా నెంచబడునని ఈ యుదంతమువలన మనము గ్రహింపవలెను. తరువాత 1949లో వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. 1952లో వారు వనపర్తినుండి శాసనసభకు ఎన్నుకొనబడిరి. ఆ చరిత్రగ్రంథమునకు, వారు గతించిన పిమ్మట, 1955లో సాహిత్య అకాడమి బహుమానము లభించెను. అక్షరమును అచ్చునకెక్కించుటకై జీవితమును ధారపోసిన వ్యక్తి పేరు ఒక ముద్రాక్షరమునకు బెట్టుట మిక్కిలి యుచితము.

ఇక ముద్రాక్షరముల యందమునకు మూలమెయ్యదియో విచారింతము. అక్షరము మొదట చేతిపని. చేతిలోని పనిముట్టు ఎట్టిదో అక్షరపు రూపమును అట్టిదే యగును. అలంపురమున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దములలో కట్టించిన నవబ్రహ్మాలయములయొద్ద శాసనములు గలవు. వానిలోని లిపి నేటి తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి పూర్వరూపము. అది ఉలితో ఱాతిపై చెక్కినది. తరువాత తాటాకుపై గంటముతో వ్రాయుట ప్రబలెను. నిలువు, అడ్డు గీతలు ఆకును చీల్చును గనుక లేఖకులు గుండ్రని గీతలకు మరిగిరనియు, తెలుగు లిపి గుండ్రదనమునకు అదియొక కారణమనియు పెద్దలు చెప్పుదురు. గంటపుమొన సన్నని సూదివంటిది. అది గీచు గీత ఎచ్చటనైనను ఒకే లావుగా నుండును. కాగితమును, వెడల్పు మొనగల కలమును వచ్చిన తరువాత గీత స్వభావమే మారినది. అట్టి కలమును ఒకే వాలుగా పట్టి సున్న చుట్టి చూడుడు. ఒకచోట గీత లావగును, మఱియొకచోట సన్నగిల్లును. ఈ లావు సన్నముల క్రమమైన మార్పే వ్రాతకు లయ. కలపు చేవ్రాతలోని ఈ లయను ముద్రాక్షరమునందును నిలిపినప్పుడు దానిని చేవ్రాత పోకడ గల టైపు అందుము.

పాశ్చాత్యుల లిపికి ఇంకొక యలంకారము గలదు. వారి నిలువుగీతల మొదటను తుదను చిన్న పాదములవంటి కొనలుండును. వానికి సెరిఫ్ అని పేరు. రోమునగరమున క్రీ. శ. 113లో నిలిపిన ట్రాజను స్తంభపు శాసనమునందు ఈ కొనలు మిక్కిలి సుందరముగా నున్నవి. చెక్కుటకు ముందు పనివాడు చదునైన కుంచెతో ఱాతిపై అక్షరములను వ్రాసికొనుటవలన ఇవి పుట్టినవని పరిశోధకులు కొందఱు నిరూపింపజూచిరి. చేవ్రాత పోకడయు సెరిఫ్ కొనలును కలిసిన టైపులలో ప్రసిద్ధమైనది పలటీనో. దానిని జర్మనీ దేశస్థుడైన హెర్మన్ జాఫ్ చిత్రింపగా 1950లో వెలువడెను. 16వ శతాబ్దమున ఇటలీలో వ్రాతకు గురువైన జంబట్టిస్టా పలటీనో పేరు దానికి బెట్టిరి. వారు వ్రాతగురువును స్మరించినట్లే మనవారు పత్రికాసంపాదకుని స్మరించిరి.

తెలుగునకు సెరిఫ్ లేదు. గీతల తుదలకు పాదములు తగిలించినంతమాత్రమున తెలుగక్షరము సొగసు గాంచదు. అది యెరువు నగ యగును. మనకు మనదైన ఆభరణము తలకట్టు. క, గ, త, ప, మ మొదలగు వాని నెత్తిపై నున్న ఆ చిన్న గీత ఎంత వాలుగా లేచును, దాని కొన ఎట్లు ముగియును, అది క్రింది వంపును తాకునా, తాకక విడిగా నిలుచునా యనుదానినిబట్టి టైపుయొక్క స్వభావమంతయు మారును. అట్లే గుండ్రని గీతయందు లావు సన్నముల పంపిణి, కొమ్ముల వంపు, దీర్ఘముల తోక, వత్తుల పరిమాణము, ఇవియే తెలుగు టైపునకు అందమిచ్చునవి. విద్యార్థులు సురవరము ఖతిలో ఒక మాటను పెద్దదిగా నచ్చువేసి, అదే మాటను వాడుకలోనున్న మఱియొక ఖతిలోను అచ్చువేసి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి ఈ యంశముల నొక్కటొక్కటిగా పోల్చి చూడవలెను. పది పుటల వివరణకంటె ఈ పరీక్ష ఎక్కువ నేర్పును.

తెలుగు టైపు పుట్టుక సులభముగా జరుగలేదు. ఆ కథలో మిషనరీలకు గల పాలు మన పాఠశాలవారు తెలిసికొనదగినది. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ మదరాసునుండి స్వదేశమునకు పోయిన పిదప హాలె నగరమున 1746–47 ప్రాంతమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తరువాత బంగాళమున శ్రీరామపురపు మిషను ముద్రాశాలలో విలియం కేరీ మొదలగువారు అనేక దేశభాషలకు టైపులు చేయించిరి. 1812 మార్చి 11వ తేదీన ఆ ముద్రాశాల అగ్నికాహుతి యయ్యెను. సీసపుటక్షరములు కరగి ముద్దలయ్యెను. అయినను వానిని పోతపోయుటకు మూలమైన ఉక్కు అచ్చులు చెడక మిగిలియుండుటచే వారు నిరాశపడక మరల పోతపని నారంభించిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్తనిబంధనయు అచ్చటినుండి వెలువడెను. సీసపు కాలమున గుణింతపు రూపములకును, వత్తులకును వేఱువేఱు దిమ్మెలు కావలసియుండుటవలన, ఒక్క తెలుగు టైపునకే కొన్ని వందల దిమ్మెలు చేయవలసివచ్చెడిది. కూర్చువాడు అన్ని గళ్లను కంఠస్థము చేసికొని పని చేసెడివాడు. కావుననే అచ్చుకూటములలో టైపుల విధములు మితముగా నుండెను.

కంప్యూటరు వచ్చిన తొలిదినములలో మఱియొక యిబ్బంది కలిగినది. ఒక్కొక్క ఖతిని చేసినవారు అక్షరములకు తమకు తోచిన సంఖ్యలు వేసికొనిరి. ఒకచోట వ్రాసిన తెలుగు మఱియొకచోట అర్థములేని గుర్తుల కుప్పగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడ్ అను సర్వభాషా సంఖ్యాక్రమమున తెలుగునకు 128 స్థానములు ఏర్పడినవి. ఇప్పుడు సంఖ్య యొకటే; రూపము మాత్రమే ఖతినిబట్టి మారును. గద్వాల యను పేరులోని ‘ద్వా’ను చూడుడు. యంత్రమునందు అది ద, పొల్లుగుర్తు, వ, దీర్ఘపుగుర్తు అని నాలుగు సంఖ్యలు. ఆ నాలుగింటిని చేర్చి కంటికి ఒకే యక్షరముగా నిలుపుట ఖతి చేయవలసిన పని. మంచి ఖతికిని చెడ్డ ఖతికిని భేదము ముఖ్యముగా ఇచ్చట తెలియును.

మన మూడు పట్టణముల పేళ్లే ఈ పరీక్షకు చాలును. గద్వాలలో ద క్రింద వ వత్తు వ్రేలాడును. వనపర్తిలో ర పైన గుడియు, క్రింద త వత్తును ఒకేసారి నిలువవలెను. నాగర్‌కర్నూలులో మొదటి ర్ పొల్లుగా విడిచి నిలుచును. తరువాతి ‘ర్నూ’లో కుడిప్రక్క కొమ్ముదీర్ఘము, క్రింద న వత్తు. ఆ పొల్లును విడిగా నిలుపు సూచన యంత్రమున కీయనిచో అది తరువాతి కకారముతో కలిసి ‘నాగర్కర్నూలు’ అని రూపము మారిపోవును. రాష్ట్రము అను మాటలో ష క్రింద ట వత్తు, దానితో క్రావడియు చేరును. ఇట్టి చోట్ల వత్తులు క్రింది పంక్తి తలకట్టులను ఢీకొనక, వేనికి చెందినవి వాని క్రిందనే స్పష్టముగా నిలిచిన ఖతిని నిర్భయముగా ఎన్నుకొనవచ్చును.

ఇక వినియోగమును గూర్చి. గద్వాల చీరను మన ప్రాంతమున ఎఱుగనివారు లేరు. దాని యొడలు నూలు; అంచును కొంగును పట్టు, జరీ. దినమంతయు ఒంటిమీద నుండవలసిన భాగము మెత్తగాను, గాలి యాడునదిగాను నేయబడినది. చూపునకు వచ్చు భాగమున మెఱుపు నిలుపబడినది. చీర అంతయు జరీయే యైనచో కట్టినవారికి భారము. అచ్చుపుటయు నిట్టిదే. చేవ్రాత పోకడ గల సొగసైన టైపు కొంగువంటిది. సురవరము వంటి ఖతి శీర్షికలకును, గోడప్రకటనలకును, ఆహ్వానపత్రికలకును, ప్రశంసాపత్రములందు బాలుని పేరు వ్రాయుచోటను శోభించును. వ్యాసముల లోపలి భాగమునకు, ప్రశ్నపత్రములకు, నియమావళికి నిరాడంబరమైన, సమమైన టైపే తగును.

విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగిన కొన్ని నియమములు గలవు. మొదటిది పరిమాణము. అంగుళమునకు 72 పాయింట్లు. సొగసైన టైపులోని సన్నగీతలు పెద్ద పరిమాణముననే తమ లయను చూపును. 10, 12 పాయింట్లలో అవి వెలవెలపోవును. రెండవది పంక్తుల నడుమ ఎడము. వత్తులు క్రిందికిని గుడులు పైకిని సాగుటచే, ఇంగ్లీషునకు చాలిన యెడము తెలుగునకు చాలదు. మూడవది, చోటు చాలలేదని అక్షరమును అడ్డముగ నొక్కుటయు, సాగదీయుటయు కూడదు. లావు సన్నముల పొందిక అంతయు చెడి, గుండ్రని యక్షరము కోడిగ్రుడ్డు వంటిదగును. అట్లు చేయుటకంటె మాటలు తగ్గించుట మేలు. నాలుగవది, ఒక పుటలో రెండు విధముల టైపులకంటె ఎక్కువ వలదు. అయిదవది రంగు. పూలు, చిత్రములు నిండిన నేలపై సన్నని యక్షరములు మునిగిపోవును. తెల్లని నేలపై నల్లని యక్షరము పాతదైనను ఎదురులేనిది. ఆఱవది, శంకుస్థాపన ఫలకములకును సమాధిశిలలకును చెక్కించునపుడు మిక్కిలి సన్నగీతలు గల టైపును విడువవలెను. ఎండకు వానకు మొదట అరిగిపోవునవి ఆ సన్నగీతలే. ఆ వెనుక ప్రియుల పేళ్లును చదువరాక పోవును.

ఈ జాగ్రత్త కేవలము సొగసు కొఱకే యని తలంపరాదు. తెలుగున చిన్న గుర్తే పెద్ద భేదమును చేయును. అర్థము అనగా భావము, ధనము. అర్ధము అనగా సగము. ఈ రెండుమాటలకును భేదము థ కడుపులోని యొక చుక్క మాత్రమే. ద క్రింద చిన్న గీత యున్నచో ధ; లేకున్నచో ద. ప, వ లకు భేదము తలకట్టు దగ్గఱ కొంచెము తెఱపి. ఫీజు సగము కట్టవలెననియో, మందు అరమాత్ర వేయవలెననియో తెలుపు ప్రకటనలో ఆ చుక్కలును గీతలును అలంకారములో మాయమైనచో, నష్టపడువారు ఎవరు? చదువు బాగుగ వచ్చినవాడు సందర్భమునుబట్టి ఊహించుకొనును. పెద్దవయసున రాత్రిబడిలో అక్షరములు నేర్చిన తల్లి, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని చదువు తండ్రి అట్లు ఊహింపజాలరు. పలకమీద తాము నేర్చిన రూపమే గోడమీద కనబడినచో వారు ధైర్యముతో చదువుదురు. కనబడనిచో, తప్పు టైపునది యని వారికి తెలియదు, తమకు చదువు రాలేదని సిగ్గుపడి తొలగిపోవుదురు. నేర్చిన అక్షరమునుండి మనిషిని దూరము చేయుట చిన్న యపకారము గాదు. దర్శనమును పలకలపై విస్పష్టముగా వ్రాయవలెననియు, దారిన సాగిపోవువానికిని అది తెలియవలెననియు హబక్కూకు ప్రవక్తకు ఆజ్ఞ యయినది. ప్రకటన వ్రాయువారికి అంతకంటె మంచి నియమము మఱియొకటి లేదు.

ప్రతాపరెడ్డిగారి పత్రికయు పండితులకొఱకు మాత్రమే వెలువడలేదు. తెలుగు చదువ నేర్చిన రైతులకును, పల్లెటూరి ఉపాధ్యాయులకును తమ భాషలో లోకవార్త తెలియవలెనని వారు పాటుపడిరి. 2025లో తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడినది. అది తగిన గౌరవమే. అయినను వారి పేరిటి ముద్రాక్షరము నిజముగా గౌరవింపబడునది మన గోడలమీదను, మన పత్రికలమీదను. దానిని తగినచోట వాడినప్పుడు అందమును స్పష్టతయు ఒకదానికొకటి తోడగును.

కావున విద్యార్థులారా, ఈ సంవత్సరము ఆహ్వానపత్రిక సిద్ధమయినపిమ్మట దానిని అచ్చునకు పంపుటకు ముందు ఒక ప్రతిని ఇంటికి కొనిపొండు. మీ యింట మెల్లగా చదువువారెవరో వారి చేతికిండు. మీరేమియు పలుకక ప్రక్కన నిలువుడు. తేదీ, వేళ, స్థలము, మీ పేరు వారు తడబడక చదివినచో మీ టైపు మంచిది. ఎచ్చట వారి వ్రేలు ఆగునో అచ్చట గుర్తు పెట్టుకొని, ఆ యక్షరమును మార్చి, మరల చూపుడు.